పిల్లల బెంగ, వాడలోని ఆసరా, గుర్తింపు సమస్య

మానసిక ఆరోగ్యం అనగానే మన జనానికి రెండు ఊళ్ళు గుర్తొస్తాయి. తెలంగాణలో ఎర్రగడ్డ, కోస్తాలో విశాఖపట్నం. "వాణ్ణి ఎర్రగడ్డకు తోలాలె" అన్నది తిట్టుగానే వాడకంలో ఉంది. ఇక పిల్లల మానసిక ఆరోగ్యం అంటే అదేదో పట్నంలో కార్లున్నవాళ్ళ సంగతి అనుకుంటాం. 1985 కారంచేడు నుంచి లెక్క వేసుకుంటే నలభై ఏళ్ళు దాటిన మన ఉద్యమం భూమి గురించి మాట్లాడింది, కూలి గురించి, రిజర్వేషన్ల గురించి, దాడుల గురించి మాట్లాడింది. వెలివాడ పిల్లవాడి మనసులో ఏం జరుగుతోందన్నది కవిత్వంలో వచ్చింది, కథల్లో వచ్చింది. డిమాండుగా మాత్రం రాలేదు. దానికి కారణం లేకపోలేదు. మనుషుల్ని చంపి కాలవలో పడేస్తున్న రోజుల్లో మనసు గురించి మాట్లాడితే అది కడుపు నిండినవాళ్ళ మాటలా వినిపిస్తుంది. అయితే పిల్లల ప్రాణాలు మనసు దారినే పోతున్నప్పుడు ఈ విభజన నిలబడదు.

పిల్లల మానసిక ఆరోగ్యానికి మన దగ్గర ఏమీ లేదని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఉన్నది చాలా ఉంది. హాస్టల్ వంటగదిలో ఉంది, వాడలో సంఘం గదిలో ఉంది, బడి వరండాలో ఉంది. దానికి పేరు లేదు, జీతం లేదు, రికార్డు లేదు. ప్రభుత్వం ఏదైనా స్కీము తెచ్చినప్పుడు మాత్రం ఈ పనిని ఎన్నో ఏళ్ళుగా చేస్తున్నవాళ్ళు కనపడరు. పైనుంచి ఒక శిక్షణ పుస్తకం వస్తుంది, దానితో ఒక కొత్త మనిషి వస్తాడు. ఉన్నదాన్ని గుర్తించడం అంటే ఏమిటి, ఎవరు గుర్తించాలి, గుర్తించినందువల్ల ఏం మారాలి అన్నదే ఇక్కడ చర్చ.

బెంగ అనే మాట

ముందు భాష దగ్గర మొదలుపెడదాం. పిల్లవాడు అన్నం మానేశాడు, రాత్రి పక్క తడుపుతున్నాడు, ఉలిక్కిపడి లేస్తున్నాడు, మాట్లాడటం తగ్గించాడు. మన ఆడవాళ్ళు దీనికి ఒక మాట వాడతారు: "పిల్లోడు బెంగ పెట్టుకున్నాడు." ఆ వెంటనే ఒక ప్రశ్న వేస్తారు: "ఎవరి మీద బెంగ?" గమనించండి. బెంగ ఎప్పుడూ ఒకరి మీద, లేకపోతే ఒకదాని మీద ఉంటుంది. తల్లి కూలికి వలసపోయింది, ఆమె మీద బెంగ. ఊరి మీద బెంగ. చనిపోయిన అన్న మీద బెంగ. కారణం మాటలోనే ఇమిడి ఉంది. "డిప్రెషన్" అనే మాటకు ఈ గుణం లేదు. అది జబ్బును పిల్లవాడి లోపల పెట్టి తలుపు వేస్తుంది. డాక్టరుకు ఆ మాట అవసరమే, మందు అవసరమైన స్థితిని అది గుర్తుపడుతుంది. కాని మొదటి ప్రశ్న మాత్రం వాడలో ముసలమ్మ వేసిందే సరైనది.

అట్లాగని వాడలో ఉన్న పరిజ్ఞానమంతా మంచిదేనని చెప్పబోవడం లేదు. "గాలి సోకింది", "దడుచుకున్నాడు" అంటూ తాయెత్తు కట్టించడం వరకు పెద్ద నష్టం లేదు. ఒక్కోసారి తాయెత్తు కట్టేటప్పుడు నలుగురూ పిల్లవాడి చుట్టూ కూచోవడమే మేలు చేస్తుంది. అదే మాట వేపకొమ్మలతో కొట్టించేదాకా, పొగ పెట్టేదాకా పోతే అది హింస. మూర్ఛ వచ్చే పిల్లకు మందు మానిపించి భూతవైద్యుడి దగ్గర కూచోబెడితే అది ప్రాణాంతకం. మనదని సమర్థించాల్సిన పని లేదు.

పిల్లలు తమ బాధను పెద్దవాళ్ళలాగ చెప్పరు. శరీరంతో చెబుతారు, ప్రవర్తనతో చెబుతారు. లెక్కల పీరియడ్ ఉన్న రోజు పొద్దున్నే కడుపునొప్పి, తలనొప్పి. ఊరికే కోపం, చిన్నపిల్లల్ని కొట్టడం. బాగా చదివేవాడు ఒక్కసారిగా వెనకబడటం. హాస్టల్ నుంచి పారిపోవడం. వీటిలో ఏ ఒక్కటీ దానంతట అది జబ్బు కాదు. రెండు మూడు కలిసి, రెండు మూడు వారాలు దాటి ఉంటే, తినడం, పడుకోవడం, చదవడం, ఆడుకోవడం చెడితే పట్టించుకోవాలి. చావు మాట ఎత్తితే ఒక్క రోజు కూడా ఆగకూడదు. "ఊరికే బెదిరిస్తున్నాడు" అనే మాట ఎంతమంది ప్రాణాలు తీసిందో హాస్టళ్ళలో చదివిన మనకు తెలుసు. చావు గురించి సూటిగా, మెల్లగా అడిగితే పిల్లలకు కొత్తగా ఆ ఆలోచన వస్తుందన్న భయం చాలామందికి ఉంది. అది నిజం కాదు. అడిగినందువల్ల మోసుకుంటున్న బరువు దించుకునే సందు దొరుకుతుంది.

కులం ఎక్కడ ఉంది?

అంబేద్కర్ తన చిన్ననాటి సంగతులు రాసుకున్నాడు. సతారా బడిలో ఆయన కూచోవడానికి గోనెపట్టా ఇంటినుంచి తెచ్చుకోవాలి, సాయంత్రం తిరిగి తీసుకుపోవాలి. దప్పికైతే బడి బంట్రోతు వచ్చి నీళ్ళు పోయాలి. బంట్రోతు రాకపోతే నీళ్ళు లేవు. 1901లో తండ్రిని కలవడానికి రైలెక్కి పోయి, స్టేషన్లో దిగాక కులం తెలిసి బండి కట్టేవాడు దొరక్క, రాత్రంతా దాహంతో ఉన్న పిల్లల కథ అది. దాన్ని మనం అంటరానితనానికి సాక్ష్యంగా చదువుతాం. తొమ్మిది పదేళ్ళ పిల్లవాడి మనసుకు తగిలిన గాయంగా కూడా చదవాలి. నడివయసులో, న్యాయశాస్త్రం, అర్థశాస్త్రం అన్నీ చదివిన మనిషి ఆ గోనెపట్టాను మరిచిపోలేదు.

ఇప్పుడు గోనెపట్టా లేదంటారు. కాని మధ్యాహ్న భోజనం వరుసలో కూచున్న ఒక పిల్లను ఊహించండి. ఆ పూట వండింది వాళ్ళమ్మ. ఊళ్ళో పెద్దకులాల పిల్లలు "మా అమ్మ తినొద్దన్నది" అని పళ్ళెం పక్కన పెట్టి లేచిపోతారు. సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లోనే వంటవాళ్ళ నియామకంలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. ఆ ఉత్తర్వు తల్లికి పని ఇచ్చింది. లేచిపోయిన పళ్ళేల మధ్య కూచుని తింటున్న పిల్లకు ఏమివ్వాలన్నది ఏ ఉత్తర్వులోనూ లేదు. ఆ పిల్లకు మర్నాడు కడుపునొప్పి వస్తే మాత్రల పొట్లం ఇచ్చి పంపుతారు. జోగిని కడుపున పుట్టిన పిల్లవాడిని బడిలో చేర్చేటప్పుడు "తండ్రి పేరు" అన్న గడి దగ్గర పెన్ను ఆగుతుంది. జోగిని వ్యవస్థను నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. ఆ గడి దగ్గర పెన్ను ఆగిన క్షణాన్ని పక్కనే నిలబడి చూసిన పిల్లవాడి గురించి చట్టానికి తెలియదు.

లెక్కల సంగతి చూడండి. జాతీయ నేర నమోదు సంస్థ 2022 లెక్క ప్రకారం దేశంలో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది. రాష్ట్రాలవారీగా పట్టికలున్నాయి, వయసువారీగా ఉన్నాయి, పరీక్ష తప్పడం ఒక కారణంగా వేరే గడి ఉంది. కులం గడి లేదు. నిమ్హాన్స్ నడిపిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. ఆ సర్వే జరిగిన పన్నెండు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. అంటే మన పిల్లల గురించి మాట్లాడేటప్పుడు మనం అరువు లెక్కలతో మాట్లాడుతున్నాం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో మార్కులు తారుమారై, కొద్ది రోజుల్లోనే ఇరవై మందికి పైగా పిల్లలు చనిపోయారు. సాఫ్ట్‌వేర్ గురించి, టెండర్ గురించి చర్చ జరిగింది, జరగాల్సిందే. ఆ పిల్లల్లో ఇంటికి మొదటిసారి ఇంటర్ దాకా వచ్చినవాళ్ళు ఎంతమంది, తప్పామని తెలిసిన ఆ రాత్రి ఎవరితో మాట్లాడారు అన్నది ఎవరూ అడగలేదు. 2016లో రోహిత్ వేముల పోయాక విశ్వవిద్యాలయాల్లో కులం గురించి దేశమంతా మాట్లాడింది. పదో తరగతి లోపు పిల్లల దాకా ఆ మాట దిగి రాలేదు.

ఉన్నవాళ్ళు ఎవరు?

సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో చదివినవాళ్ళందరికీ ఒక దృశ్యం తెలుసు. జూన్‌లో ట్రంకుపెట్టె మోసుకొచ్చి దించి, తండ్రి బస్సు టైమైందని వెళ్ళిపోతాడు. ఆ రాత్రి కొత్తపిల్లలందరూ ఏడుస్తారు. మొదటి పది రోజుల్లో పారిపోయేవాళ్ళు పారిపోతారు. నిలబడ్డవాళ్ళు ఎట్లా నిలబడ్డారని అడిగితే వార్డెన్ పేరు చెప్పేవాళ్ళు తక్కువ. వంటమనిషి పేరు చెబుతారు, లేకపోతే తొమ్మిదో తరగతి అన్న పేరు చెబుతారు. నేనున్న హాస్టల్లో వంట చేసే అవ్వ రాత్రి గిన్నెలు కడిగేటప్పుడు కొత్తపిల్లల్ని పిలిచి పక్కన కూచోబెట్టుకునేది. పని చెప్పేది కాదు. "మీ ఊళ్ళో ఏం పండుతయిరా?" అని అడిగేది. జొన్నలు, కందులు, మిరప అంటూ చెప్పుకుంటూ పోతే ఏడుపు ఆగేది. ఇది తెలివితక్కువ పని కాదు. ఇంటిమీద బెంగ పెట్టుకున్న పిల్లవాడితో ఇంటి గురించి మాట్లాడకూడదని చాలామంది అనుకుంటారు. ఇంటి గురించి మాట్లాడించడమే మందని ఆమెకు తెలుసు. హాజరు పట్టీలో ఆమె పని పేరు "కుక్". ఆమెను ఎప్పుడైనా శిక్షణకు పిలిచారంటే అది పప్పు ఎంత, నూనె ఎంత అనే కొలతల గురించే.

హాస్టల్లో పెద్దపిల్లల సంగతి రెండువైపులా పదునున్నది. కాపాడే అన్నలున్నారు, చిన్నపిల్లలతో బట్టలుతికించుకుని కొట్టే అన్నలూ ఉన్నారు. ఎవరి హాస్టల్ ఏ రకమైనదో ఆ హాస్టల్లోని పెద్దల నీతిని బట్టి ఉంటుంది. ఈ పెద్దపిల్లల్ని సరిగా తయారుచేసుకోవడం అన్నది ఖర్చులేని పని. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమంలో తోటిపిల్లల్నే శిక్షణ ఇచ్చి నిలబెట్టాలన్న ఆలోచన కాగితం మీద ఉంది. హాస్టళ్ళకు అది నడిచి రాలేదు.

గురుకులాల అనుభవం వేరు. ఉమ్మడి రాష్ట్రంలో 1984లో సాంఘిక సంక్షేమ గురుకులాలు మొదలయ్యాయి. తర్వాతి కాలంలో, ముఖ్యంగా 2012 తర్వాత తెలంగాణ ప్రాంతంలో ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ కార్యదర్శిగా ఉన్న ఏళ్ళలో, పిల్లల ఆత్మగౌరవాన్ని పాఠంలాగ చెప్పే ప్రయత్నం జరిగింది. ఎవరికీ తక్కువ కాదన్న అర్థంలో రోజూ ప్రతిజ్ఞ చేయించారు. సంక్షేమ పిల్లలు అన్న చిన్నచూపు మాటను తీసేసి స్వేరోలు అని కొత్త పేరు పెట్టారు. 2014 మే 25న మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. దీన్ని కొండెక్కిన వార్తగానే చూశారు గాని వాడల్లో అదొక చికిత్సలాగ పనిచేసింది. "మనోళ్ళు" అన్న మాటకు పిల్లల నోట్లో కొత్త బరువు వచ్చింది. అయితే నా అభిప్రాయంలో ఇందులో ఒక లోపం ఉంది. కొండ ఎక్కలేని పిల్ల సంగతేమిటి? ప్రతి పిల్లా విజేత కావాలన్న ఒత్తిడి, తప్పిన పిల్ల నోరు మూయిస్తుంది. ఆత్మగౌరవం మార్కులకు ముడిపడితే మార్కులతోపాటే పోతుంది. ఇక 2024లో తెలంగాణ గురుకులాల్లో కలుషితాహారంతో పిల్లలు ఆసుపత్రుల పాలైన వార్తలు వరసగా వచ్చాయి. తినే అన్నం మీద నమ్మకం లేని చోట మనసుకు ధైర్యం చెప్పడం కుదిరే పని కాదు.

మూడో అనుభవం రంగారెడ్డి జిల్లాది. మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991 నుంచి జీతాలకున్న పిల్లల్ని, పత్తి చేలల్లో పనిచేసే ఆడపిల్లల్ని బడికి తేవడం మొదలుపెట్టింది. ఆ పిల్లల్లో ఎక్కువమంది దళితులు, వెనుకబడిన కులాలవాళ్ళు, ఆదివాసులు. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్నది వాళ్ళ సూత్రం. దీనిమీద శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది, 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు ఆమే మొదటి అధ్యక్షురాలయ్యారు. ఇదంతా బాలకార్మిక నిర్మూలనగానే నమోదయింది. కాని ఆ బ్రిడ్జి క్యాంపుల్లో జరిగింది ఇంకొకటి కూడా. ఆరేడేళ్ళు ఆసామి తిట్లు తప్ప ఇంకో పిలుపు ఎరగని పిల్లవాడు క్యాంపులోకి వచ్చిన రోజు అక్షరం నేర్చుకోలేడు. ముందు ఆడుకోవాలి, పాడుకోవాలి, తన కథ తను చెప్పాలి, ఎవరూ కొట్టరన్న నమ్మకం కలగాలి. ఈ పని చేసిన కార్యకర్తలు ఎక్కువమంది ఆయా ఊళ్ళ యువకులు, యువతులే. బాధపడిన పిల్లల్ని తిరిగి నిలబెట్టడంలో మన దగ్గర ఇంత పెద్ద ఎత్తున జరిగిన ప్రయత్నం నాకు ఇంకోటి కనపడదు. మనస్తత్వశాస్త్రం డిపార్టుమెంట్లలో దీన్ని పాఠంగా చెబుతున్నారా అంటే, అది ఆ డిపార్టుమెంట్లవాళ్ళు చెప్పాలి.

జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల పని కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఆ సంఘాల్లో ఉన్నది ఎక్కువగా దళిత స్త్రీలు. బాల్వాడీలు నడిపారు, పనుల్లోంచి వచ్చిన పిల్లల కోసం మాచనూరులో పచ్చసాలె పెట్టారు. అక్కడ పుస్తకంతోపాటు వడ్రంగం, కుండలు, మొక్కల మందులు కూడా పాఠాలే. తన తల్లి చేసే పని, తన ఇంట్లో తినే జొన్నరొట్టె బడిలో పాఠమైతే పిల్లకు సిగ్గు పోతుంది. సిగ్గు అన్నది మన పిల్లల మనసుల్లో పెద్ద రోగం. 2008లో అదే మాచనూరులో సంఘం రేడియో మొదలైంది. తమ యాసలో తమవాళ్ళు రేడియోలో మాట్లాడటం విన్న పిల్లల సంగతి వేరే చెప్పాలా?

బీహార్‌లో తేలిన సంగతి

"ఇవన్నీ మంచి మనుషుల కథలు, శాస్త్రం ఎక్కడ?" అని అడిగేవాళ్ళుంటారు. అడగాలి కూడా. దీనికి జవాబు బీహార్‌లోని నలందా జిల్లాలో దొరికింది. అక్కడి ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఒక పెద్ద పరిశోధన జరిగి, ఫలితాలు 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. బడుల్ని మూడు రకాలుగా విడదీశారు. కొన్ని బడుల్లో ఉన్న ఉపాధ్యాయుడికే శిక్షణ ఇచ్చి కౌన్సెలింగ్ పని అప్పజెప్పారు. కొన్ని బడుల్లో మనస్తత్వశాస్త్రం డిగ్రీ లేని మామూలు మనిషిని శిక్షణ ఇచ్చి, ఆ పనికోసమే పెట్టారు. మిగతావి ఎప్పటిలాగే నడిచాయి. పని పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ప్రార్థన సమయంలో మాట్లాడటం, గోడపత్రిక నడపడం, పిల్లలు తమ బాధ రాసి వేసే పెట్టె పెట్టడం, అడిగి వచ్చిన పిల్లతో విడిగా కూచుని మాట్లాడటం. మామూలు మనిషి ఉన్న బడుల్లో పిల్లల దిగులు తగ్గింది, కొట్టడాలు ఏడిపించడాలు తగ్గాయి, బడి మీద ఇష్టం పెరిగింది. ఉపాధ్యాయుడికే అప్పజెప్పిన బడుల్లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు.

ఎందుకు రాలేదు? మనకు తెలిసిన సంగతే. మార్కులు వేసే మనిషి, బెత్తం పట్టుకునే మనిషి, తన గుట్టు దాచుకుని వినే మనిషి ఒకరే అంటే పిల్ల నమ్మదు. పైగా మన దగ్గర ఆ మనిషికి కులం కూడా ఉంటుంది. ఉపాధ్యాయులందర్నీ అంటున్నానని అనుకోవద్దు, మన ఉద్యమానికి సగం బలం ఉపాధ్యాయులే. కాని పాఠం చెప్పేవాళ్ళమీదనే ఈ పని కూడా వేస్తే ఎన్నికల డ్యూటీ, జనగణన, మరుగుదొడ్డి ఫోటోల పక్కన ఇది ఇంకో రిజిస్టరు అవుతుంది. 2020లో కేంద్రం బడికి ఇద్దరు ఉపాధ్యాయుల్ని ఆరోగ్య రాయబారులుగా పెట్టాలన్నది. నలందా అనుభవం పక్కన పెట్టి దాన్ని చదవాలి.

నలందా ఫలితంలోంచి మనకు రావలసిన వాదన సూటిగా ఉంది. డిగ్రీ చేసి ఊళ్ళో ఖాళీగా ఉన్న మాల మాదిగ యువతీయువకులు ప్రతి మండలంలో ఉన్నారు. హాస్టల్లోనే పెరిగినవాళ్ళు. వాళ్ళకు శిక్షణ ఇచ్చి, పైన ఒక సైకాలజిస్టు, ఆ పైన జిల్లా ఆసుపత్రి మానసిక వైద్యుడు ఉండేట్టు చూస్తే ఇది నడుస్తుంది.

ప్రభుత్వం దగ్గర ఏముంది?

ప్రభుత్వం దగ్గర చట్టాలున్నాయి, నంబర్లున్నాయి. బళ్ళారిలో 1980లలో చేసిన ప్రయోగం ఆధారంగా 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. దేశంలో మొదట ఎంచుకున్న నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. దాని సారాంశం స్థానికంగా ఉన్న ఆరోగ్య సిబ్బందికే నేర్పడం. అంటే ఈ ఆలోచన కొత్తది కాదు, మనకు దూరమైందీ కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రభుత్వ ఖర్చుతో చికిత్స పొందటం హక్కు అంటుంది. కులం కారణంగా వివక్ష చూపకూడదని అందులో పేరుపెట్టి రాసి ఉంది. అదే చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. పోలీసు కేసవుతుందన్న భయంతో పిల్లను ఆసుపత్రికి తీసుకుపోకుండా దాచే కుటుంబాలకు ఈ సెక్షన్ చెప్పడం కార్యకర్తల పని.

2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు పడదు. మంచిదే. అయితే హాస్టల్ పిల్ల చేతిలో ఫోను ఉండనివ్వరు. వార్డెన్ గదిలో వార్డెన్ ఎదురుగా నిలబడి, వార్డెన్ ఫోనుతో, వార్డెన్ గురించి ఏం చెబుతుంది? పిల్లల నంబరు 1098ది ఇంకో కథ. 1996లో ముంబయిలో మొదలై, జిల్లా జిల్లాకు స్థానిక సంస్థలు నడిపిన ఈ సేవ 2023లో ప్రభుత్వం చేతికి వచ్చి, 112తో ముడిపడింది. నంబరు ఉంది, పనిచేస్తుంది. కాని ఏ వాడలో ఏ ఇల్లు, ఏ పిల్ల తండ్రి ఎట్లాంటివాడు అని ఇరవై ఏళ్ళుగా తెలిసిన పాత కార్యకర్తలు చాలాచోట్ల ఆ కుర్చీల్లో లేరు. గుర్తింపు లేని జ్ఞానం ఒక్క ఉత్తర్వుతో ఎట్లా చెదిరిపోతుందో చూపించడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

2025 జూలై 25న సుకదేబ్ సాహా వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయంలో పెద్ద ఆయుధం. 2023లో విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక అమ్మాయి తండ్రి వేసిన కేసు అది. చట్టం వచ్చేదాకా దేశమంతా పాటించాల్సిన మార్గదర్శకాలు ఇచ్చింది కోర్టు. వంద మంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలి. అంతకన్నా చిన్న సంస్థలు బయటివాళ్ళతో ఒప్పందం పెట్టుకోవాలి. సిబ్బంది అందరికీ, పాఠాలు చెప్పనివాళ్ళకు కూడా, ఏడాదికి రెండుసార్లు శిక్షణ. దళిత, ఆదివాసి, వెనుకబడిన విద్యార్థుల్ని వివక్ష లేకుండా చూసుకునేట్టు సిబ్బందిని తయారుచేయాలి. మార్కుల్ని బట్టి సెక్షన్లు విడగొట్టకూడదు. వసతి ఉన్నచోట ఫ్యాన్లు, మేడ అంచులు భద్రం చేయాలి. ఈ చివరిది అవసరమే. కాని ఇంజనీరుతో అయ్యే పని గనక ముందు అదే జరుగుతుందని, బిల్లు కూడా ముందు దానికే పాసవుతుందని నా అనుమానం. "పాఠాలు చెప్పనివాళ్ళకు కూడా" అన్న ముక్కను మనం పట్టుకోవాలి. వంటమనిషి, ఆయా, వాచ్‌మన్, స్వీపరు అందులోకి వస్తారు.

శాలువా కాదు

గుర్తింపు అనగానే మన దగ్గర శాలువా, మెమెంటో, ఫోటో. ఆగస్టు పదిహేనున కలెక్టరు చేతుల మీదుగా ప్రశంసాపత్రం. అది అవమానమని అనను. కాని ఒక దళిత స్త్రీ చేసే పనిని సేవ అని పొగడటం, జీతం ఎగ్గొట్టడానికి పాత పద్ధతి. అంగన్‌వాడీ వర్కర్లను ఇప్పటికీ గౌరవ వేతనం మీదే ఉంచారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా వాళ్ళు 42 రోజులు సమ్మె చేయాల్సి వచ్చింది. విద్యా వాలంటీర్ల గతి కూడా చూశాం. రేపు "మానసిక ఆరోగ్య మిత్ర" అనో ఇంకేదో పేరుతో వాడ పిల్లల్ని నెలకు కొన్ని వందలకు పెట్టుకుని, పైన కూచున్న కన్సల్టెంటుకు లక్షలిస్తే దాన్ని గుర్తింపు అనకూడదు.

నేను గుర్తింపు అనేది ఈ అర్థంలో. హాస్టల్లో పిల్లలు ఎవరిని నమ్ముతారో పిల్లల్నే చీటీ రాయించి కనుక్కోవాలి. వాళ్ళకు పని గంటల్లో, జీతంతో శిక్షణ ఇవ్వాలి. ఏ పిల్ల స్థితి తమ చేయి దాటిందో తెలుసుకుని, ఆ పిల్లను వార్డెన్ సంతకం కోసం కాచుకోకుండా నేరుగా జిల్లా ఆసుపత్రికి తీసుకుపోయే అధికారం వాళ్ళకుండాలి. బస్సు ఖర్చు ఎవరిస్తారన్నది ముందే తేలాలి, చాలా కేసులు అక్కడే ఆగిపోతాయి. లైంగిక హింస సంగతి బయటపడితే దాచడానికి వీల్లేదని, 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసిన ప్రతి మనిషీ పోలీసులకు చెప్పి తీరాలని వాళ్ళకు తెలియాలి. మిగతా గుట్లు మాత్రం వాళ్ళ దగ్గరే ఉండాలి.

ఇంకొక ప్రమాదం ఉంది. కౌన్సెలింగ్ అనేది సర్దుకుపోవడం నేర్పే పనిగా మారవచ్చు. నలుగురిలో కులం పేరుతో తిట్టిన టీచరు మీద ఏడుస్తున్న పిల్లకు దీర్ఘశ్వాస నేర్పి పంపితే అది చికిత్స కాదు. అక్కడ 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. బడిలో కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించే 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ఉంది. పిల్లకు ఓదార్పు కావాలి, ఫిర్యాదు కూడా కావాలి. రెండూ ఒకే మనిషి చేయలేకపోతే, ఓదార్చే మనిషికి ఫిర్యాదు రాసే సంఘం తోడుండాలి. దళిత సంఘాలు ఇక్కడ చేయగలిగింది ఎంతో ఉంది. ఫిర్యాదు రాయడం మనకు వచ్చు. ఆ తర్వాత ఆ పిల్ల అదే బడికి మర్నాడు ఎట్లా పోతుందన్నది మనం చూడం. కేసు నెంబరు వచ్చాక మన దృష్టి ఇంకో కేసు మీదికి పోతుంది. 1991 చుండూరు తర్వాత కోర్టుల చుట్టూ ఇరవై మూడేళ్ళు తిరిగాం. 2007లో శిక్షలు, 2014లో హైకోర్టులో అందరూ విడుదల. ఆ ఏళ్ళలో తండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. వాళ్ళ నిద్ర సంగతి మన పత్రికలు కూడా అడగలేదు.

వచ్చే జూన్‌లో హాస్టళ్ళు తెరిచేనాటికి విద్యార్థి సంఘాలు చేయగల పని ఒకటి చెబుతాను. తమ మండలంలోని ప్రతి హాస్టల్‌కు మొదటి పది రోజుల్లో రెండుసార్లు పోవాలి. ఎంతమంది చేరారు, ఎంతమంది ఇంటికి వెళ్ళిపోయారు, వెళ్ళినవాళ్ళ ఇంటికి ఎవరైనా పోయి అడిగారా అని రాసుకోవాలి. రాత్రిపూట పిల్లల దగ్గర పడుకునే పెద్దమనిషి ఎవరో అడగాలి. వంద మంది దాటిన చోట కౌన్సెలర్ పోస్టు సంగతి ఏమైందని 2025 తీర్పు కాపీ జతచేసి జిల్లా సంక్షేమాధికారికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి. అదే నోట్‌బుక్‌లో ఇంకో పేజీ ఉంచి, పిల్లలు చెప్పిన వంటమనిషి పేరు, ఆమె ఎన్నేళ్ళుగా పనిచేస్తున్నది, ఔట్‌సోర్సింగా, రెగ్యులరా, ఆమెకు చివరిసారి జీతం ఏ నెలలో వచ్చింది అన్నది రాయాలి.